ఆకు, పువ్వు, సీసా
(కాచిగూడలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయనకు సభలో తన పేరు పదేపదే పలకడం గిట్టేది కాదు కనుక ‘మాస్టారు’ అనే అంటాను. తార్నాకలో ఉంటూ ఏళ్ల తరబడి క్రిమినల్ లా చెప్పిన మనిషి. స్మారక సభల్లో పొగడ్తలు మొదలైతే చేతి గడియారం చూసుకునేవారు. నేనూ నేరుగా విషయంలోకి వస్తాను.

మత్తుపదార్థాలను చట్టబద్ధం చేయాలా, వద్దా అన్నది నేను ఎంచుకున్న అంశం. ఈ వాదన మన ఊళ్లో రెండు చోట్ల నడుస్తుంది. ఒకటి జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు. ర్యాలీ, స్కూలు పిల్లల చేతుల్లో ప్లకార్డులు, మంత్రిగారి సమక్షంలో ప్రతిజ్ఞ. రెండోది క్యాంపస్ హాస్టల్ మెట్ల మీద, రాత్రి బాగా పొద్దుపోయాక. అక్కడ కెనడా, జర్మనీ, శివుడు ముగ్గురూ ఒకే వాక్యంలో వస్తారు. మొదటి చోట ప్రశ్న అడిగే వీలుండదు, రెండో చోట జవాబు ముందే తేలిపోయి ఉంటుంది. మన నేల మీద ఇది ఎవరూ చేసి చూడని పని అనుకోవడం మాత్రం రెండు చోట్లా ఉంది. నిజానికి నూరేళ్లకు పైగా అనుమతి, నిషేధం, సగం అనుమతి, పేరుకు నిషేధం అన్నీ ఇక్కడ జరిగాయి. ఫలితాలు చూడటానికి కెనడా దాకా పోనక్కర్లేదు. కూకట్‌పల్లి దాటి హైదర్‌నగర్ దాకా పోతే చాలు.

2025 జూలైలో ఆ చుట్టుపక్కల కల్లు డిపోల్లో తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో, బీపీ పడిపోయి ఆసుపత్రులకు చేరారు. పదుల మందిని నిమ్స్‌కు, గాంధీకి తరలించారు. కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది. పలువురు చనిపోయారు. ఆ కల్లులో ఆల్ప్రాజోలం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆందోళనకు, నిద్రకు డాక్టర్లు పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము చొప్పున రాసే మందు అది. ఆ డిపోలు దొంగచాటు దుకాణాలు కావు. లైసెన్సున్నవి. లైసెన్సులు రద్దు చేసింది జనం పోయాకే.

కల్లు సంగతి తెలియని పిల్లల కోసం ఒక మాట. పొద్దున చెట్టు మీంచి దించిన కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. ఈత చెట్టు పారే కాలం వేరు, తాటిచెట్టు పారే కాలం వేరు. చెట్టుచెట్టుకూ రుచి మారుతుంది, వాన పడితే పలచబడుతుంది. అలాంటిది నగరం నడిబొడ్డున ఏడాది పొడుగునా, ముసురు పట్టిన రోజున కూడా, ఒకే రంగుతో ఒకే మత్తుతో సీసాల్లో దొరికే కల్లు ఏ చెట్టుదని గౌడన్నను అడిగి చూడండి. నవ్వి ఊరుకుంటాడు. దానికి చెట్టుతో పని లేదు. నీళ్లు, చక్కెర లేదా శాక్రిన్, తెల్లదనానికీ నురగకూ ఏదో ఒకటి, చివర ‘పౌడర్’. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు, దాన్ని ‘సీహెచ్’ అనేవారు. తర్వాత డైజీపామ్ వచ్చింది, ఇప్పుడు ఆల్ప్రాజోలం. తూకం వేసేవాడు ఫార్మసిస్టు కాదు. చేతి లెక్క ఒక చిటికెడు తప్పితే ఒక బస్తీ పడిపోతుంది.

ఇప్పుడు చట్టం లెక్క చూద్దాం. ఏ చట్టాన్నయినా వెనక నుంచి చదవమనేవారు మాస్టారు. ముందు షెడ్యూళ్లు, నోటిఫికేషన్లు, ఆ తర్వాత సెక్షన్లు, పీఠిక అన్నిటికంటే చివర. ఆ పద్ధతిలోనే మాదకద్రవ్యాల మీది ఎన్‌డీపీఎస్ చట్టం తెరుస్తాను. 2001లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఒక పొడవాటి పట్టిక ఉంది. ఒక్కో మందుకు ‘స్వల్ప పరిమాణం’ ఎంత, ‘వాణిజ్య పరిమాణం’ ఎంత అని. గంజాయికి 1 కిలో, 20 కిలోలు. ఆల్ప్రాజోలంకు 5 గ్రాములు, 100 గ్రాములు. వాణిజ్య పరిమాణమైతే పదేళ్లకు తగ్గని జైలు, లక్షకు తగ్గని జరిమానా. సెక్షన్ 37 వల్ల బెయిలు దొరకడం చాలా కష్టం. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో సంగతి తేల్చింది. మందును వేరే పదార్థంలో కలిపి ఉంటే మందు బరువొక్కటే చూడకూడదు, మిశ్రమం మొత్తాన్నీ తూచాలి.

ఈ తీర్పు పట్టుకుని హైదర్‌నగర్ డిపోకు వెళ్దాం. సీసాలో అరకిలోకు పైగా కల్లు ఉంటుంది, అందులో ఆల్ప్రాజోలం ఉంది. అక్షరం తప్పకుండా చదివితే ఒక్క సీసా వాణిజ్య పరిమాణమే. రాత్రి తాగడానికి రెండు సీసాలు చంకన పెట్టుకుని ఇంటికి పోతున్న సెంట్రింగ్ కూలీ, డిక్కీలో గంజాయి మూటలు దాచి రాష్ట్రాలు దాటించేవాడు, శిక్ష దగ్గర ఒకే మెట్టు మీద నిలబడతారు. అలాంటి కేసు ఎవరూ పెట్టరు, పెట్టకూడదు. తను తాగేదాంట్లో ఏముందో ఆ కూలీకి తెలియదు. కానీ సర్కారు లైసెన్సిచ్చిన కొట్లో కొన్న సరుకు సర్కారు చట్టం ప్రకారమే పదేళ్ల నేరం కాగల దేశం మనది. ఇక్కడ ‘చట్టబద్ధం’, ‘చట్టవిరుద్ధం’ అని రెండు గదులు కట్టి మందులను సర్దేద్దామంటే అవి అందులో ఇమడవు.

ఆ పొడి ఎక్కడిది? మెక్సికో నుంచి రాదు, మయన్మార్ నుంచి రాదు. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చాక హైదరాబాద్ దేశానికి బల్క్‌డ్రగ్ రాజధాని అయింది. మాస్టారి ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న ఐఐసీటీ వంటి సంస్థలు పెంచిన రసాయన విజ్ఞానం దానికి వెన్నుదన్ను. లోకానికి చవగ్గా మందులిచ్చిన విద్య అది, దాన్ని తప్పుపట్టేవాడు కృతఘ్నుడు. అయితే చేయి తిరిగినవాళ్లు, మూతపడ్డ షెడ్లు, ఖాళీ రియాక్టర్లు కూడా ఈ చుట్టుపక్కలే ఎక్కువ. 2025 సెప్టెంబరులో పాత బోయిన్‌పల్లిలో బడి నడుస్తున్న భవనంలోనే ఆల్ప్రాజోలం తయారవుతుంటే రాష్ట్ర మాదకద్రవ్య నిరోధక దళం ‘ఈగల్’ పట్టుకుంది. సరుకు పోయేది మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకు. కింద పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే పైన పొడి ఆరుతోంది.

చట్టబద్ధం చేస్తే నాణ్యత వస్తుంది, ల్యాబ్ పరీక్ష వస్తుంది, దొంగ వ్యాపారం దానంతటదే చస్తుంది అనే మిత్రులకు ఈ కల్లు కథను జవాబుగా ఇస్తాను. మన దగ్గర లైసెన్సు దొంగ సరుకును చంపలేదు, దానికి ఒక కౌంటర్ కట్టించి ఇచ్చింది. అయితే మూసేస్తే సరి అనేవాళ్లు కూడా తొందరపడొద్దు. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను 2004లో మూసేశారు, 2014లో గీత కార్మికుల జీవనం పేరు చెప్పి మళ్లీ తెరిచారు. నడిమధ్య పదేళ్లు నగరమేమీ మత్తు మానలేదు. ధూల్‌పేటను అడగండి. వినాయక విగ్రహాలు చేసే ఆ పేట గుడుంబాకు పేరుమోసింది. సర్కారు గట్టిగా పట్టుకుని గుడుంబా బట్టీలు ఆర్పించింది. ఆర్పిన చోట కొన్ని ఇళ్లలోకి గంజాయి పొట్లం వచ్చింది. 2024లో ‘ఆపరేషన్ ధూల్‌పేట’ అని మళ్లీ ఎక్సైజువాళ్లు అదే గల్లీలు తిరిగారు. గుడుంబా వాసన వీధి చివరికి కొడుతుంది, పొట్లం జేబులో ఇమిడిపోతుంది. పోలీసు పని ఆ మేరకు కష్టమైంది.

ఇక గంజాయి. 1893లో లండన్ పార్లమెంటులో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్న వల్ల బ్రిటిష్ సర్కారు ఇక్కడ ఒక కమిషన్ వేసింది. ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు, సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల మాట నమోదు చేసి, సంపుటాలకు సంపుటాలు రాసి, మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, పూర్తి నిషేధం అక్కర్లేదని 1894లో చెప్పింది. హాస్టల్ మెట్ల మీది మిత్రులకు ఇంతవరకు కంఠతా వచ్చు. ఆ నివేదికలో మిగతా సగం కూడా ఉంది. అతిగా వాడితే చెరుపేనంది, సాగుకు లైసెన్సు ఉండాలంది, పన్ను బరువుగా వేయాలంది, మనిషి దగ్గర ఉంచుకునే సరుకుకు హద్దు పెట్టాలంది. అబ్కారీ ఆదాయం కూడా సర్కారు మనసులో ఉన్నదే. ఆ కమిషన్ చూసిన గంజాయి కూడా వేరు. ఇప్పుడు మన కుర్రాళ్లు వాడే హ్యాష్ ఆయిల్‌కూ, రోట్లో నూరిన ఆకుకూ చాలా దూరం. లేత వయసులో రోజూ తాగేవాళ్లలో మతి చలించే ముప్పు పెరుగుతుందని మానసిక వైద్యులు చెబుతున్నది భయపెట్టడానికి కాదు. గంజాయి ఏమీ చేయదనే మాట నేను ఒప్పుకోను.

1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. గంజాయి సంప్రదాయంగా ఉన్న దేశాలకు దాన్ని మాన్పించుకోవడానికి 25 ఏళ్ల గడువిచ్చింది. గడువు ముంచుకొచ్చే వేళకు 1985లో మన పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది, అదే ఏడు నవంబరు 14 నుంచి అమలు. అందులో గంజాయి అంటే ఆ మొక్క పూత లేదా కాయ తొడిగిన కొసలు. కొసలతో కలవని ఆకు, గింజ లెక్కలోకి రావు. అందుకే భంగు కేంద్ర చట్టానికి చిక్కకుండా రాష్ట్రాల ఎక్సైజుకు మిగిలింది. ఉత్తరాదిన దానికి లైసెన్సు దుకాణాలున్నాయి. ఒకే మొక్క. ఆకు నూరుకుని తాగినవాడు హోలీ భక్తుడు, పువ్వు కాల్చినవాడు ముద్దాయి. 2019లో ఎయిమ్స్ వైద్యులు కేంద్రం కోసం చేసిన సర్వేలో దేశంలో ఈ మొక్కను ఏదో రూపంలో వాడేవాళ్లు దాదాపు 3.1 కోట్లు, అందులో భంగు వాడేవాళ్లే ఎక్కువ. అదే సర్వేలో మద్యం తాగేవాళ్లు 16 కోట్లు.

కోర్టులో ఈ నిర్వచనం ఏమవుతుందో దగ్గరగా చూపిస్తాను. పోలీస్ స్టేషన్ ఆవరణలో బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, ఇటుకల్లా అదిమినవి. బల్ల మీద ఎలక్ట్రానిక్ కాంటా. ఇద్దరు మధ్యవర్తులు, పక్క ఆఫీసులోంచి పిలిపించిన ఉద్యోగులు, ఒకాయన మాటిమాటికీ టైము చూసుకుంటుంటాడు. పొట్లం కోస్తే పువ్వుతోపాటు ఆకు, గింజ, పుల్ల అన్నీ కలిసే ఉంటాయి. మొత్తాన్నీ ఎత్తి కాంటా మీద పెడతారు. 20 కిలోల 400 గ్రాములు అని రాస్తారు. ఆ 400 గ్రాములు పుల్లలైతే ఒక శిక్ష, పువ్వయితే ఇంకో శిక్ష. వేరు చేసి ఎవరు తూస్తారు? నివేదిక మీద సంతకాలు పడ్డాక బోనులో నిలబడేవాడికి అది పదేళ్ల తేడా. డిఫెన్సు లాయర్లు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నది ఈ పుల్లల మీదే.

అలా నిలబడేవాడు ఎవరు? గంజాయి పండేది ఎక్కువగా ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో. ఇటు చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు, ముంచంగిపుట్టు. అటు మల్కన్‌గిరి, కోరాపుట్. ‘శీలావతి’ అనే రకానికి బయట గిరాకీ. పెట్టుబడి, విత్తనం, బయానా అన్నీ మైదానం నుంచి, పక్క రాష్ట్రాల నుంచి వచ్చే వ్యాపారులవి. చేను, చెమట, కేసు గిరిజనులవి. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఆంధ్ర పోలీసులు వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలు ఒకేచోట తగలబెట్టారు. సాగు చాలావరకు సరిహద్దు దాటి అటువైపు జరిగింది, రవాణా సాగుతూనే ఉంది. విశాఖ కేంద్ర కారాగారం గంజాయి కేసు ఖైదీలతో కిక్కిరిసిపోయిందని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. మనం కూర్చున్న కాచిగూడకూ ఆ కొండలకూ రైలు బంధుత్వం ఉంది. 1916లో నిజాం కాలాన కట్టిన ఈ స్టేషన్‌కు విశాఖ నుంచి రాత్రి బండి ఏళ్ల తరబడి వచ్చింది, ఇప్పుడు మహబూబ్‌నగర్ దాకా పోతోంది. మహారాష్ట్రకు, కర్ణాటకకు పోయే సరుకుకు హైదరాబాద్ ఒక మజిలీ అని పోలీసులే చెబుతారు. బోగీలో దొరికే సంచికి చాలాసార్లు యజమాని ఉండడు. ఉంటే, కిరాయికి మోసే కుర్రాడు. డబ్బు పెట్టినవాడు ఆ బండి ఎక్కడు.

చట్టం తాకిన మరో మనిషిని మన చర్చల్లో ఎప్పుడూ చూడం. ఆ మనిషి క్యాన్సర్ రోగి. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు కేంద్రం లైసెన్సుతో సాగు చేస్తారు. అయినా 1985 చట్టం వచ్చాక మార్ఫిన్ ఒక్క సీసా తెప్పించుకోవడానికి ఆసుపత్రి ఎన్నో అనుమతులు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒకటి వచ్చేసరికి మరొకదాని గడువు తీరేది. పన్నెండేళ్లు తిరిగేసరికి దేశంలో మార్ఫిన్ వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. ఎముకలోకి పాకిన క్యాన్సర్ నొప్పితో మనుషులు అరిచి అరిచి పోయారు. 2014లో చట్టం సవరించి ఆ ముడి కొంత విప్పారు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే విభాగం నడిపినవాళ్లు ఈ కాగితాల యుద్ధం ఎలా చేశారో ఎవరైనా పుస్తకంగా రాయాలి. మత్తుకు వాడతారేమోనన్న భయం మందుకు వాడేవాడి నోరు నొక్కింది.

ఇంత చెప్పాక చట్టం కొట్టేసి దుకాణం తెరవమంటానని కొందరు అనుకుంటూ ఉండొచ్చు. అనను. ఎందుకో చెప్పడానికి నెల్లూరు జిల్లా వెళ్లాలి.

1980ల్లో ‘వారుణి వాహిని’ అని మన సర్కారే సారాను ప్లాస్టిక్ పొట్లాల్లో పోసి ఊరూరికీ చేర్చింది. కల్తీ ఉండదు, కొలత సరిగ్గా ఉంటుంది, పన్ను వస్తుంది. చట్టబద్ధం చేయాలనేవాళ్లు ఈనాడు చెప్పే మూడు లాభాలూ ఆ పథకంలో ఉన్నాయి. పొట్లం పొలం గట్టుకే వచ్చింది. కూలి డబ్బు ఇంటి గడప తొక్కకుండానే ఆవిరైంది. 1991–92లో దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూడిన ఆడవాళ్లు లేచారు. వర్ధినేని రోశమ్మ పేరు అక్కడి నుంచే దేశానికి తెలిసింది. ఊళ్లలో దుకాణాలు మూయించారు, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పొట్లాల పథకం తెచ్చిన ఎన్టీ రామారావే 1994 డిసెంబరులో ప్రమాణ స్వీకారం చేస్తూ సంపూర్ణ నిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16న అమలైన ఆ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఖజానా తట్టుకోలేదన్నారు. సరిహద్దుల నుంచి దొంగ మద్యం, ఊళ్లో నాటుసారా ఎలాగూ పారాయి.

ఈ కథలో మనవాళ్లు నిషేధం ఎగిరిపోయిన సంగతే చెప్పుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనబడేది ఆ ఆడవాళ్లు ఏం అడిగారన్నది. తాగివచ్చినవాణ్ని నలుగురిలో నిలదీశారు, ఇంట్లో రచ్చ చేశారు. అయితే మొగుడికి పదేళ్ల జైలు వేయమని ఎవరూ అర్జీ పెట్టలేదు. కలెక్టరుకు ఇచ్చిన కాగితంలో ఉన్నది దుకాణం తీసేయమనే, పాట ఆపమనే. తాగేవాడు వాళ్ల మనిషి, అమ్మేవాడు వాళ్ల శత్రువు. 1985లో ఢిల్లీలో చట్టం రాసినవాళ్లకు, ఇవాళ దాన్ని రద్దు చేయమనేవాళ్లకు ఇద్దరికీ ఈ తేడా అందలేదనిపిస్తుంది. మొదటివాళ్లు వాడేవాణ్నీ అమ్మేవాణ్నీ ఒకే తాటికి కట్టారు. రెండోవాళ్లు వాడేవాడికి స్వేచ్ఛ అడుగుతూ చేతిలో అమ్మేవాడి బోర్డు కూడా పట్టుకొస్తున్నారు.

అమ్మకం మన సర్కారు చేతిలో పడితే ఏమవుతుందో ఊహించక్కర్లేదు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. దరఖాస్తు రుసుము 2 లక్షలు, లాటరీలో పేరు రాకపోతే వెనక్కి రాదు. దరఖాస్తులు 1,31,000 దాటాయి. ఒక్క సీసా అమ్మకముందే సర్కారుకు 2,600 కోట్లకు పైగా చేరింది. ఈ రుచి మరిగిన ఖజానా చేతికి గంజాయి దుకాణం ఇస్తే అది జనం తక్కువ వాడాలని కోరుకుంటుందా? ఆ 2 లక్షలు కట్టి వరసలో నిలబడేది గూడెం కొత్తవీధి గిరిజనుడు కాదని కూడా మనందరికీ తెలుసు. నిన్నటిదాకా జైలుకు పోయినవాడు ఒకడు, రేపు లైసెన్సు తీసుకునేవాడు ఇంకొకడు.

విదేశాల సంగతి క్లుప్తంగా. 2001లో పోర్చుగల్ సొంత వాడకాన్ని జైలు నేరాల్లోంచి తీసేసింది, అమ్మకాన్ని మాత్రం నేరంగానే ఉంచింది. పట్టుబడినవాడు పది రోజులకు సరిపడా సరుకుకు మించకపోతే వైద్యుడు, సామాజిక కార్యకర్త ఉండే కమిటీ ముందుకు వెళ్తాడు. చికిత్స మీద డబ్బు పెట్టినన్నాళ్లు అది పనిచేసింది. అమెరికాలో ఒరెగాన్ 2021లో అదే బాట పట్టి, చికిత్స ఏర్పాట్లు వెనకబడి, రోడ్ల మీద వాడకం చూసి జనం విసిగి 2024లో వెనక్కి తిరిగింది. థాయ్‌లాండ్ 2022లో గంజాయిని జాబితాలోంచి తీసేస్తే వీధికో కొట్టు వెలిసింది. 2025లో మళ్లీ డాక్టరు చీటీ ఉండాలంది. అమెరికా వెళ్లే మన పిల్లలకు ఒక హెచ్చరిక. కొలరాడోలోనో కాలిఫోర్నియాలోనో కొట్లో బిల్లుతో కొన్నా ఫెడరల్ చట్టంలో అది నేరమే. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం అన్నీ ఫెడరల్ చేతిలో ఉన్నాయి. అక్కడ పక్క గదిలోని అమెరికన్ కుర్రాడికి వారాంతపు సరదా అయినది మనవాడికి తిరుగు విమానం టికెట్టు కావచ్చు.

నా మాట సూటిగా చెబుతాను. సొంతానికి వాడినందుకు జైలు తీసేయాలి, అమ్మకం మాత్రం తెరవకూడదు. ‘మరి వాడేవాడు ఎక్కడ కొనాలి సార్?’ అని ముందు వరసలోని అమ్మాయి అడగబోతున్నట్టుంది. ఈ వాదనలో బలహీనమైన చోటు అదే. జర్మనీ 2024 నుంచి పెద్దవాళ్లకు ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోనిచ్చింది, ఉరుగ్వేలో ఆరు. లాభం కోసం అమ్మేవాడు నడుమ లేని పద్ధతి గంజాయికి ఏదైనా ఉంటే అటువంటిదే. అపార్టుమెంటు బాల్కనీల్లో, ఉమ్మడి కుటుంబాల్లో, అద్దె గదుల్లో ఇక్కడ అది ఎలా నడుస్తుందో నాకు నమ్మకం కుదరలేదు. ఆల్ప్రాజోలం లాంటి పొడికైతే ఆ మాత్రం దారి కూడా లేదు.

జైలు తీసేయడానికి పార్లమెంటు దాకా ఆగక్కర్లేని సెక్షన్లు ఎన్‌డీపీఎస్ చట్టంలోనే రెండున్నాయి. వ్యసనంలో ఉండి చికిత్సకు తనంతట ముందుకొచ్చినవాణ్ని విచారణ నుంచి తప్పించే 64ఏ, శిక్ష బదులు కోర్టే చికిత్సకు పంపగల 39. కోర్టుల్లో వీటి పేరు వినబడేది అరుదు. 2025 జూలైలో గచ్చిబౌలిలో ఈగల్ దళం వల పన్ని గంజాయి కొనడానికి వచ్చిన 14 మందిని పట్టుకుంది. వాళ్లను జైలుకు కాక డీఅడిక్షన్‌కు పంపింది. మంచి పని. ఐటీ ఉద్యోగం ఉన్న చోట దొరికిన ఈ మర్యాద ధూల్‌పేట గల్లీలో దొరికిన కుర్రాడికి కూడా అందుతుందా అన్నదొక్కటే నా ప్రశ్న.

డీఅడిక్షన్ అని అనేయడం తేలిక. 2015లో ఏం జరిగిందో చూడండి. ఆ ఏడు వానాకాలం చివర్లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్తీ కల్లు మీద ఎక్సైజు దాడులు గట్టిగా జరిగాయి. పొడి ఆగింది. పత్రికలు మెచ్చుకున్నాయి. ఒకటి రెండు రోజుల్లో ఊళ్లలో మనుషులు విచిత్రంగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నాయని దులుపుకోవడం, ఫిట్స్. జిల్లా ఆసుపత్రుల్లో మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టారు, కొందరిని మంచాలకు కట్టేయాల్సి వచ్చింది. ప్రాణాలు కూడా పోయాయి. మళ్లీ 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అవే లక్షణాలతో మనుషులు వరస కట్టారు. అలవాటు పడ్డ ఒంటికి ఆల్ప్రాజోలం జాతి మందు హఠాత్తుగా ఆపడం దాన్ని తాగడంకంటే ప్రమాదం. చికిత్స కూడా అదే జాతి మాత్రను కొలిచి ఇచ్చి రోజురోజుకూ తగ్గించుకుంటూ రావడమే. అందుకు మండల కేంద్రం ఆసుపత్రిలో ఆ మాత్రలు నిల్వ ఉండాలి, రాసే డాక్టరు ఉండాలి, మార్ఫిన్‌కు పెట్టినట్టు వాటికి అనుమతుల ముళ్లకంచె పెట్టకూడదు. డిపో మీద దాడికి తేదీ పెట్టే ఫైలు, పక్క ఆసుపత్రిలో మంచాలు సిద్ధం చేసే ఫైలు ఒకే బల్ల మీంచి కదలాలి. 2015లో ఎక్సైజుది ఒక భవనం, వైద్యశాఖది ఇంకో భవనం. రోగులు వచ్చాకే రెండో భవనానికి సంగతి తెలిసింది.